మూడో ఆఫీసు

దువ్వాడ

సాయీ,

ఫోనులో అడిగితే మాట మారుస్తావని కాగితం మీద రాస్తున్నాను.

లిస్బన్‌లో కుర్చీలు అద్దెకిచ్చే ఆఫీసులు, అదే నీ కోవర్కింగ్ స్పేసులు, మూడు మార్చావు. మొదటిదాంట్లో గోల అన్నావు. రెండోదాంట్లో ఫోన్ మాట్లాడుకోవడానికి గది దొరకదన్నావు. మూడోది చాలా బాగుందన్నావు కానీ, దాన్ని మాత్రం వీడియోలో తిప్పి చూపించలేదు. మీ బావ అప్పుడే “ఆడు ఏటో దాస్తన్నాడు” అన్నారు.

మన ఊరి పోర్టు బొగ్గు దుమ్ములో పెరిగినవాళ్ళం. ఎక్కడ కూర్చున్నా ముందు బల్ల మీద వేలు రాసి చూసుకుంటాం. మొదటి రెండు చోట్లా నీ వేలు శుభ్రంగానే ఉంది. అక్కడ కూడా ఈ అలవాటు పోలేదని నవ్వుకున్నాను. మొన్న మూడోచోట నుంచి వీడియోలో మాట్లాడినప్పుడు మాత్రం వేలు నల్లగా వచ్చింది. నువ్వు మాట ఆపకుండా దాన్ని ప్యాంటుకి తుడుచుకున్నావు.

ఆ పోర్టు దుమ్మే పడే పూర్ణా మార్కెట్ వెనక నీ స్నేహితుడు నాగవంశీ, ఖాళీగా పడున్న మేడ మీది గదికి ఇంటర్నెట్ ఎందుకు పెట్టించాడో అప్పుడు అర్థమైంది.

ఉద్యోగం పోయిందా, ఇంకేమైనా జరిగిందా అని అడగను. ఆదివారం చేపల పులుసు పెడుతున్నాను, వచ్చి తిను.

ఈ ఉత్తరం లిస్బన్‌కి కాదు, ఆ మేడ మీది గదికే వేస్తున్నాను. అందలేదని మాత్రం చెప్పకు.

అక్క