ఒదీలియమ్మ నీళ్ళు, స్టెల్లా కన్ను

ఫిలోమినా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళి ఏడాదిన్నర దాటింది. ఉస్లాపూర్ ఇంట్లో నేనూ మన స్టెల్లా ఉంటున్నాం. హిందీ బడిలో చదివిన దానికి తెలుగు చదవడం సరిగ్గా రాదు కదా... అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

ముందు నీకు సంతోషం కలిగించే సంగతి. మన చర్చి సిస్టర్ ఆగ్నెస్ ఫ్రాన్సు వెళ్ళి వచ్చింది. నువ్వు బతిమాలినట్టే ఒదీలియమ్మ కొండ మీది మఠానికీ వెళ్ళింది. అల్సాసు సీమ అంతటికీ ఒదీలియమ్మే పాలక పునీతురాలట. మఠంలో రాత్రింబవళ్ళు ఆరాధన ఆగదట. కొండ వాలులో ఉన్న ఊట దగ్గర జనం కళ్ళు కడుక్కుంటున్నారట. నీ కోసం చిన్న సీసాలో ఆ నీళ్ళు తెచ్చింది. నువ్వు లేవు. సీసా నా చేతిలో పెట్టి ఏడ్చింది.

చిన్నప్పుడు నీకు చూపు పోబోతే, మిషన్ ఆసుపత్రిలో ఆ సీమ నుంచి వచ్చిన ముసలి సిస్టర్ నీ కళ్ళు కడుగుతూ చెప్పిన ఒదీలియమ్మ కథ... గుడ్డిగా పుట్టిన పిల్ల, వద్దన్న తండ్రి, జ్ఞానస్నానంలో తెరుచుకున్న కళ్ళు. బతికినంత కాలం ఆ కథ చెప్తూనే ఉన్నావు. స్టెల్లా రైలింజన్ నడిపే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి కంటి పరీక్ష నెగ్గిన రోజున కూడా, "ఇది నా తల్లి ఇచ్చిన సూపండీ" అన్నావు.

ఆ సీసా స్టెల్లా అడిగి తీసుకుంది. పొద్దునా సాయంత్రం ఎడమ కంటికి ఆ నీళ్ళు రాసుకునేది. అమ్మ భక్తి కూతురికి వచ్చిందని మురిసిపోయాను. ఎడమ కంటికే ఎందుకని నాకు తోచలేదు...

ఒక మధ్యాహ్నం పక్కనే పెట్టిన టీ గ్లాసు తన్నేసింది. అంతకు ముందు తలుపు చెక్కకు భుజం కొట్టుకుంది. రెండూ ఎడమవైపే. గూడ్సు గార్డుగా బతుకంతా గడిపినవాణ్ణి, చూపులో తేడా అంటే ఏమిటో నాకు తెలుసు. ఏమైందని అడిగాను.

"కోనేలో కాలా పర్దాలాగుంది నాన్నా. ఒదీలియమ్మ ఠీక్ చేసేస్తాది. ఎవరికీ చెప్పకు."

కంటి మూల నల్ల తెర కమ్మిందన్నమాట. ఆ సాయంత్రమే దానికి డ్యూటీ. బొగ్గు బండి. అప్పటికే బ్యాగు సర్దుకుంది. డాక్టరుకు చెబితే ఇంజన్ ఎక్కనివ్వరని దాని భయం. నిజమే కదా? ఆ ఉద్యోగం కోసం అది ఎంత చదివిందో మనకు తెలియదా?

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. అది షూ వేసుకుంటూ "హటో నాన్నా, తప్పుకో" అంది. నేను కదల్లేదు. నన్ను తోసేసి వెళ్ళిపోతే ఆపగలనా?

నాకు టైఫాయిడ్ వచ్చి, నవదిన ప్రార్థనలు చాలు, ఆసుపత్రికి రానని మొండికేసినప్పుడు నువ్వన్నది గుర్తొచ్చింది. "జపమాల సేత్తో పట్టుకునే ఆసుపత్రికి నడండి. రెండూ ఒక్కసారే సెయ్యకూడదని ఏ తల్లి సెప్పిందేటి?"

అదే మాట దానికి చెప్పాను. లేసు కడుతున్న చేతులు ఆగిపోయాయి. కాసేపటికి తనే ఆఫీసుకు ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదు, డ్యూటీకి రాలేనంది. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చుంది.

కంటి వెనక పొర ఊడుతోందన్నాడు డాక్టరు. ఆలస్యమైతే కన్నే దక్కదన్నాడు. రాయ్‌పూర్‌లో ఆపరేషన్. ఆపరేషన్ గది తలుపు బయట నీ జపమాల తీశాను గానీ "మరియమ్మా, వందనం" దాటి ముందుకు వెళ్ళలేకపోయాను. ఒదీలియమ్మ మీద కోపం వచ్చింది. నీ మీద కూడా. ఆ నీళ్ళే రాకపోతే ఈ పిల్ల ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళేదా? లేక అప్పుడూ దాచేదా? నువ్వైనా చెప్పగలవా...

ఇంటికి వచ్చాక, ఊడిన పొర అంటుకునేదాకా బోర్లా పడుకోమన్నారు. అది మంచం అంచున ముఖం కిందికి వాల్చుకుని ఉంటే, దాని ముఖం కనబడాలని నేను కింద చాప మీద వెల్లకిలా పడుకునేవాణ్ణి. నన్ను చూడగానే అది కళ్ళు మూసేసుకునేది. చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

కన్ను దక్కింది. చూపు కొంతే వచ్చింది. ఇంక ఇంజన్ ఎక్కనివ్వరు, ఆఫీసు పని ఇస్తారట.

నిన్న సాయంత్రం తనే స్టేషన్‌కు వెళ్దామంది. ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాం. గూడ్సు ఒకటి ఆగి ఉంది. కుడి కన్ను అరచేత్తో మూసుకుని ఎదురుగా ఉన్న వ్యాగన్ నంబరు చదవడం మొదలుపెట్టింది. రెండు అంకెలు... మూడోది... ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. అక్కడే ఆగింది. చెయ్యి దించేసింది.

"చల్ నాన్నా, ఇంటికెళ్దాం" అంది.

ఎన్నాళ్ళకు నాన్నా అంది, ఫిలో!

దారిలో ఎడమ పక్క సందులోంచి ఆటో దూసుకొచ్చింది. దానికి కనబడలేదు. చెయ్యి పట్టి గట్టిగా లాగాను. ఆటో వెళ్ళిపోయాక కూడా అది నా చెయ్యి వదల్లేదు.

ఇకమీదట నేను దాని ఎడమవైపే నడుస్తాను.

నీ
జోసెఫ్