ఆయన చదివిన పేరా

ప్రియమైన బుల్లీ,

బాగానే ఉన్నాను. వండుకుంటున్నాను, తింటున్నాను, ఏం తిన్నానో గుర్తుండడం లేదు. మీ అన్నయ్య పోయాక అన్నీ ఒకేలా ఉన్నాయి.

ఫోన్లో పుస్తకాలు చదివేవాళ్ళ కోసం గీస్తున్న అక్షరాలు పూర్తయ్యాయి. గీతల చివర చిన్న పాదాలుండే రకం, సెరిఫ్ అంటాం. పని ఇచ్చిన కంపెనీవాళ్ళు పదిమందితో చదివించారట. చిన్న తెర మీద పాదాలు ఒకదానికొకటి తగిలి కళ్ళు లాగుతున్నాయట. పాదాలు కుదించమన్నారు, లేకపోతే వద్దన్నారు. నేను కుదించను. ప్రతి అక్షరం మీ అన్నయ్య చదివి బాగుందన్నాకే ఖాయం చేశాను.

నీ వదిన

ప్రియమైన వదినకి,

కుట్టుమిషను ఆపేసి మరీ నీ ఉత్తరం చదివాను. చూస్తూ చూస్తూ అంత కష్టం నీళ్ళపాలు చేసుకుంటావా? మొండితనంలో మొగుడూ పెళ్ళాం ఒకరికొకరు తీసిపోరు! వాళ్ళు చెప్పినట్టు మార్చెయ్యకూడదూ? అన్నయ్య ఏమీ అనుకోడు.

నీ బుల్లి

ప్రియమైన బుల్లీ,

మార్చమని ఇంకోసారి అనకు. గీసిన అక్షరాలు చదివించి చూడ్డానికి నేనెప్పుడూ ఒకే పేరా పెడతాను, మాటలు అవే ఉండి అక్షరాలే మారితే తేడా తెలుస్తుందని. మీ అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలి, ఫోను దూరంగా పట్టుకుని, ఎక్కడా తడుముకోకుండా పైకి చదివేవారు. పోయే ముందు వారం కూడా అంతే. కంపెనీవాళ్ళ కళ్ళు నమ్మాలా, ఆయన కళ్ళా? ఈ పని వదులుకుంటున్నానని వాళ్ళకి రాసేశాను. నెలాఖరున పంపుతాను. బాధేం లేదు. అసలేమీ లేదు.

నీ వదిన

వదినా,

ఆ ఉత్తరం పంపకు. ముందు కూర్చో.

అన్నయ్యకి షుగరు కళ్ళకెక్కింది. చివర్లో మనుషులు తెలిసేవారు గానీ అక్షరం తెలిసేది కాదు. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళేదాన్ని. నీకు తెలిస్తే పని ఆపేసి ఆస్పత్రుల చుట్టూ తిరుగుతావని ఒట్టేయించుకున్నాడు. చూపు ఆనుతుండగానే నీ పేరా నాకూ పంపి, కంఠతా పట్టాడు వదినా. ఫోన్లో నాకు అప్పజెప్పి, "తప్పితే చెప్పవే" అనేవాడు. "అంత ఆశగా నా వంక చూస్తుంది, కనపడట్లేదని ఎలా చెప్పను?" అన్నాడోసారి.

తిట్టు, పడతాను.

బుల్లి

బుల్లీ,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. కంపెనీవాళ్ళకి రాసింది చించేశాను. వేరే పేరా పెట్టి నేనే చదివాను. పాదాలు తగులుతున్నాయి. నిజంగానే కళ్ళు లాగుతున్నాయి. పొద్దున్నుంచీ కుదిస్తున్నాను.

నీ మీద కోపంగా ఉంది. ఆయన మీదైతే ఒళ్ళు మండిపోతోంది. ఆయన చొక్కాలన్నీ బీరువాలోంచి లాగి నేలకేసి కొట్టి, ఎదురుగా ఉన్నట్టే నోటికొచ్చినట్టు తిట్టాను. గుడ్డివాడా అని కూడా అన్నాను. అన్నాక అక్కడే కూలబడి గొంతు పోయేదాకా ఏడ్చాను.

నువ్వొచ్చెయ్. ఒక్కదాన్నే ఆయన్ని తిట్టలేకపోతున్నాను.

వదిన