డప్పు పక్కన

చందుర్తి,
మార్చి, 1984

గోపాల్ రావు బావగారికి,

అక్కకు నిమ్మళంగా ఉందని తెలిసి సంతోషించాం.

మీరు ఎమ్మెల్యే కనుక ఒక మాట చెప్పుకోవాలి. పోయినేడు అడవిలోని అన్నలు శిస్తు కట్టొద్దని గోడల మీద రాసిపోయారు. సర్పంచుగా నేను కట్టమనే చెప్పాను. పన్నే లేకుంటే బడి ఎక్కడిది, దవాఖానా ఎక్కడిది? ఎప్పటిలా "కట్టకుంటే తలుపులు గుంజుకపోతరు" అని కాకుండా, "కడితే హరిజనవాడల మంచినీళ్ల బాయి తవ్విస్తరు" అని రాజలింగుతో డప్పు చాటింపు వేయించాను. మీరిచ్చిన మాటే అది. అతను తన వాడ బావి గురించి ఊరంతా గొంతు చించుకుని చాటాడు. జనం భయపడుతూనే కట్టారు.

బావి రాలేదు. పోలీసు క్యాంపుకు మాత్రం రాతిగోడ లేచింది. గోడ వద్దనను బావా, బావి ముందు రావాలంటాను.

మొన్న అన్నలు పిలిపించి "బాయి ఏదే?" అన్నారు. మర్నాడు ఠాణాలో "ఆళ్లతోని ఏం మాట్లాడినవ్?" అన్నారు. బావి గురించే అంటే నమ్మలేదు.

మళ్లీ శిస్తు వేళయింది. రాజలింగు మంట దగ్గర డప్పు కాపుతూ, "దొరా, గీసారి ఏమని చాటాలె?" అని అడిగాడు.

మీరొకసారి వచ్చి, అతని పక్కన నిలబడి చెప్పండి.

మీ బావమరిది