నాన్న తువ్వాలు

తమ్ముడికి అక్క దీవెనలు. అందరం కులాసా.

కోత మిషన్ ఏది కొనాలని అడిగావు. మొన్న మా చేలో గద్ద బొమ్మది, పక్క చేలో చీమ బొమ్మది దిగాయి. పొట్టుతో గింజలేమైనా పోతున్నాయేమోనని నాన్నలాగే వాటి వెనక తువ్వాలు పరిచి చూశాను. చీమదాని పొట్టులో నాలుగు గింజలు కనిపించాయి, గద్దదాని పొట్టులో ఒక్క గింజ లేదు. మీ బావ మురిసేలోపే బెల్టు తెగింది. డీలరు ‘రేపు పంపిస్తానమ్మా’ అంటూండగానే చేను వానలో నానింది. చీమదీ బెల్టు తెగి ఆగితే, దాని డీలరే కొత్త బెల్టు భుజాన వేసుకొచ్చాడు. చీమదే కొను. నాలుగు గింజలు రాలితే పిట్టలు తింటాయి.

అమ్మ మోకాలు ఎలా ఉంది?

నాన్న తువ్వాలు ఇంకా ఆ మేకుకే ఉందా? పొట్టు దులపకుండానే దాంతో మన ముఖాలు తుడిచేవాడు, రోజంతా దురద. కొత్త మిషన్ వెనక అదే పరిచి, దులపకుండా మడిచి నాకు పంపు. ముఖం తుడుచుకోవాలి.