మూడు కెమెరాలూ బాగానే ఉన్నాయి

నాన్నా,

షాపువాడు చూసుకోమని ఇచ్చిన మూడు మిర్రర్‌లెస్ కెమెరాల్లో నల్లది ఉంచుకుంటున్నాం. మిగతా రెండూ డబ్బాల్లో సర్దేశాను, సాయంత్రం ఆరులోపు తిరిగిచ్చెయ్. మళ్ళీ వాడితో గొడవ పెట్టుకోకు. "తక్కువ వెలుతుర్లో అన్నీ మసకే, పనికిమాలిన సరుకు" అని నిన్న ఊరికే దులిపేశావు వాణ్ణి.

పొద్దున నువ్వు లేవకముందు కర్టెన్లు మూసి, చిన్న బల్బు ఒక్కటే వేసి, మూడింటినీ పుస్తకాల దొంతర మీద పెట్టి టైమర్‌తో గోడ గడియారాన్ని తీశాను. మూడింట్లోనూ అంకెలు సూదితో గీసినట్టు వచ్చాయి. నువ్వు చేత్తో తీసినవాటిలో అదే గడియారానికి నాలుగు ముళ్ళున్నాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నావు, అంతే. వణికేది నీ చెయ్యి.

చేతి కదలికని కొంత సర్దుకుంటుందనే నల్లది ఎంచాను. నీ వణుకు దాని తరం కూడా కాదనుకో. అందుకే ఇవాళ్టి నుంచి నాటకాల హాల్లో ఫొటోలు నేనే తీస్తాను. నువ్వు బ్యాగు మోసుకొస్తే చాలు.

టీ ఫ్లాస్కులో ఉంది. కప్పులో సగమే పోసుకో. నిండా పోస్తే చొక్కా మీదే పడుతుంది.

ఇంకోటి. పోయినవారం హాల్లో నువ్వు తీసిన మసక ఫొటోలు చూసి, ఇవి ఎవరు తీశారని నాటకం వాళ్ళు అడిగితే, "మా అమ్మాయండీ" అని అందరి ముందూ నావైపు వేలు చూపించావు. నేను ఆ వేలినే చూస్తూ నించున్నాను. అది ఇంత కూడా వణకలేదు.