బూట్ల వెంట పడ్డ బండి

ప్రిన్సిపాల్ గారికి,

బడిలో బావా అని పిలవొద్దన్నారు కాబట్టి ఇలాగే మొదలుపెడుతున్నాను.

నిన్న ప్రదర్శనలో మా పదో తరగతి పిల్లలు చేసిన రోబో మీ ప్రసంగం పొడుగునా మీ వెంటే ఎందుకు తిరిగిందో సంజాయిషీ ఇమ్మన్నారు. అది నల్ల గీతను పట్టుకుని నడిచే బండి. దానికోసం పిల్లలు వేదిక మీద నల్ల టేపుతో దారి వేశారు. చూడ్డానికి బాగాలేదని మీరు దానిమీద తెల్ల తివాచీ పరిపించారు. ఇక అక్కడ నల్లగా మిగిలినవి మీ బూట్లే. పాపం, అది మాత్రం ఏం చేస్తుంది?

మీరు కొనిపించిన ఖరీదైన రోబో మాత్రం అద్దాల బీరువాలో క్షేమం. పిల్లలు ముట్టుకుంటే పాడవుతుందని తాళం వేయించి, పైన 'చేతులతో నేర్చుకుందాం' అని బోర్డు పెట్టించారుగా. ఇంతవరకు దాని జోలికి ఎవరూ పోలేదు.

రేపటినుంచి వర్క్‌షాపు మూసేసి పాఠం బట్టీ పట్టించమన్నారు. కానీ నా క్లాసులో కునుకు తీసే వెనక బెంచీ వాళ్లే ఇవాళ బెల్లు కొట్టినా వర్క్‌షాపులోంచి కదల్లేదు. "సార్, గీతకీ బూటుకీ తేడా దీనికి ఎలా నేర్పాలి?" అని నా ప్రాణం తోడేశారు. నేర్పాలంటే అసలు బూట్లే కావాలట.

అక్కని అడిగాను. నవ్వాపుకోలేక, సంచిలో పెట్టి మరీ ఇచ్చింది.

కాబట్టి బావా, రేపు పొద్దున ఇల్లంతా వెతక్కండి. వర్క్‌షాపుకి తాళం వేయడానికి చెప్పులతోనే రండి. అవి గోధుమ రంగువేగా, బండి మీ వెంట పడదు.

మీ మాట ఎప్పుడూ జవదాటని
బావమరిది