దిష్టి ఉప్పు

మదనపల్లె, మంగళవారం

ఒళ్లు మండిపోతోంది. మా పెద్దోడు రెడ్డెప్ప మద్రాసు నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చి గాజు తొట్టిలో పోసి నెలయింది. నీళ్లు కుదురుకునే దాకా చేపల్ని వదలకూడదని ఏదో పుస్తకంలో చదివాడట. వీధి వీధంతా వచ్చి ఖాళీ తొట్టిని చూసి నవ్విపోయారు. వాడికి జ్వరం పట్టుకుంది. పట్టుకోదా మరి! సాయంత్రం పిడికెడు ఉప్పుతో దిష్టి తీసి, కరగాలి కదా అని ఆ తొట్టిలోనే వేశాను. ఎలాగూ ఉప్పు నీళ్లే.

"రేపు సేపలొస్తాండాయి, యాల ఏస్తివమ్మా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"నువ్వు పోస్తే సదువు, నేను పిడికెడేస్తే పిచ్చా రా?" అన్నాను.

రేపటికి మళ్లీ సముద్రపు నీళ్లు ఎక్కణ్ణుంచి తేవాలని, ఆ నీళ్లు మార్చడట. వాడి దిష్టంతా అందులోనే కరిగి ఉంది. చేపలకు దిష్టి ఎలా తీస్తారో నాకు తెలీదు.